బియ్యానికి ఒక వేలు

2020 జూన్‌లో మా బాబాయికి అందరితో సమానంగా టీ దొరికింది.

అంతకుముందు దాకా బాపట్లలో ఆయన ఆగే కొట్టులో అందరికీ గాజు గ్లాసు, ఆయనకు పేపరు కప్పు. కొట్టాయన ఏమీ అనేవాడు కాదు. చూపు ఒకసారి బాబాయి చేతుల మీద వాలేది, చెయ్యి కప్పుల దొంతర మీదకు పోయేది, అంతే. లాక్‌డౌన్ సడలించి కొట్టు మళ్లీ తెరిచిన రోజున గ్లాసులన్నీ అటకెక్కాయి. కోర్టు నుంచి వచ్చిన ప్లీడరుగారికీ పేపరు కప్పే, బ్యాంకు క్యాషియరుకీ పేపరు కప్పే. బాబాయి తన కప్పు పట్టుకుని చుట్టూ కలయజూశాడు. మాస్కు కాస్త కిందికి లాగి, "అబ్బాయ్, ఇది మంచి జబ్బేరా" అన్నాడు నా చెవి దగ్గర.

ఆయన జబ్బు వేరు. సోరియాసిస్. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ దారి తప్పి సొంత చర్మం మీదే దండెత్తుతుంది. మామూలు మనిషికి చర్మం పైపొర మారడానికి నెల పడితే, ఈ జబ్బున్న చోట నాలుగైదు రోజుల్లోనే మారిపోతుంది. పైది రాలేలోపే కిందది తోసుకొస్తుంది. ఎర్రటి మచ్చ, దాని మీద తెల్లటి పొలుసు, పొలుసు కింద పగులు, పగుల్లో రక్తం. దురద సంగతి చెప్పనక్కర్లేదు. అయితే ఇది అంటుకునేది కాదు. పక్కన కూర్చున్నా రాదు, కంచంలో తిన్నా రాదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ జబ్బు మీద ప్రత్యేకంగా తీర్మానం చేసి, ఈ రోగుల మీద వివక్ష పోవాలని అన్ని దేశాలకూ చెప్పింది. తీర్మానం జెనీవా నుంచి బయల్దేరింది గానీ మా టీ కొట్టు దాకా రాలేదు.

బాబాయికి మోచేతుల మీద మొదటి మచ్చలు వచ్చింది 1991లో. ఆ ఏడాదే మా ఊరి పేరు పెట్టి రెండు సినిమాలు వచ్చాయి, ఒకటి పోలీస్ స్టేషన్, ఒకటి దొంగలు. మచ్చలా, సినిమాలా, ఏవి ఎక్కువ దురద పెట్టాయో ఆయన ఇప్పటికీ తేల్చి చెప్పలేడు.

మాది స్టూవర్టుపురం. చెన్నై వైపు వెళ్లే రైలు బాపట్ల దాటగానే వచ్చే చిన్న స్టేషన్. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు బోర్డు చదివి, తెలియకుండానే ఒకసారి బ్యాగు తడుముకుంటారు. అందుకే మా ఊరి పిల్లలు హైదరాబాదులో అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు "బాపట్ల దగ్గరండీ" అంటారు. ఇంకా లోతుగా అడిగితే "బీచ్ దగ్గర" అంటారు. సూర్యలంక పుణ్యమా అని ఆ మాట నడుస్తోంది.

ఊరు పుట్టిందే హాజరు పట్టీలో. 1871లో తెల్లదొరలు కొన్ని కులాల్ని పుట్టుకతోనే నేరస్థులని రాసేశారు. 1911లో ఆ చట్టాన్ని మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఎరుకల వాళ్లను ఒకచోట కూర్చోబెట్టే పనిని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. 1913–14 ప్రాంతంలో సెటిల్మెంటు వెలిసింది. గవర్నరు కౌన్సిల్లో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. రోజూ హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే పాసు. పట్టీలో పేరున్న ప్రతివాడి వేలిముద్రలూ తీసుకోవచ్చని చట్టంలోనే ఉంది. చీరాలలో పొగాకు కంపెనీ పెట్టాక పనివాళ్లుగా మావాళ్లు వెళ్లారు. మా తాత ఆ కంపెనీలోనే ఆకు గ్రేడింగు చేశాడు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు మద్రాసు ప్రభుత్వం చట్టాన్ని ఎత్తేసింది, 1952లో దేశమంతటా ఎత్తేశారు. చట్టం పోయింది. పేరు మాత్రం బోర్డు మీదే ఉంది. తర్వాత జాషువా గారి అమ్మాయి హేమలతా లవణం లాంటివాళ్లు వచ్చి మావాళ్లతో కూర్చుని, అన్నం తిని, ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ కథ పెద్దది, ఇక్కడ ఇమడదు.

2020 మార్చి చివర్లో ఊరి మొగలో వెదురు గడలు అడ్డం కట్టి, బయటికి వెళ్లాలంటే పాసు కావాలన్నప్పుడు ఊళ్లో కుర్రాళ్లు గోల చేశారు. బాబాయి మాత్రం అరుగు మీద కూర్చుని నింపాదిగా, "మా నాయన చెప్పేవాడ్రా, పాసు లేకుండా రైలు కట్ట దాటితే ఏమయ్యేదో. మనకిదేం కొత్త కాదులే" అన్నాడు. ఆ లాక్‌డౌన్‌లో చాలా రాష్ట్రాలు పట్టుకున్న చట్టం 1897 నాటి అంటువ్యాధుల చట్టం. వేలిముద్రలతో మనుషుల్ని గుర్తుపట్టే కార్యాలయం కలకత్తాలో తెరుచుకున్నదీ ఆ 1897లోనే. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మన పోలీసు ఉద్యోగులు ముద్రల్ని వర్గాలుగా విడగొట్టే లెక్క కట్టారు. పేరు మాత్రం పైనున్న దొర హెన్రీకి పోయింది. ఒకే ఏడు పుట్టిన ఈ రెండూ నూటపాతికేళ్ల తర్వాత మా బాబాయి చేతుల దగ్గర కలుసుకుంటాయని ఎవరనుకుంటారు!

కరోనా రోజుల్లో చర్మరోగుల కష్టం పేపర్లలో పెద్దగా రాలేదు. చావు లెక్కల ముందు దురద లెక్కేముంది, నిజమే. కానీ గంటకోసారి సబ్బుతో చేతులు కడుక్కోమన్నప్పుడు, పగిలిన చేతులకు ఏమవుతుందో ఒకసారి ఆలోచించండి. సబ్బు చర్మం మీదున్న కాస్త జిడ్డునూ లాగేస్తుంది. శానిటైజరులో ఉన్నది చాలావరకు స్పిరిటే. బాబాయి మందుల షాపుకు వెళ్తే గుమ్మం దగ్గర కుర్రాడు సీసా పట్టుకుని నిలబడేవాడు. అరచేతిలో రెండు చుక్కలు పడగానే బాబాయి పళ్లు బిగబట్టేవాడు. కంట్లో నీళ్లు తిరిగేవి. మాస్కు పైన ఆ కళ్లు చూసి కుర్రాడు, "తాతా, జ్వరమేమన్నా ఉందా?" అని రెండడుగులు వెనక్కు వేసేవాడు.

ఆయన మందు గుంటూరు పెద్దాసుపత్రి చర్మం డాక్టర్లు రాసింది. వారానికి ఒక్కసారే మింగే మాత్ర, మెథోట్రెక్సేట్. రోజూ మింగితే ప్రాణానికే ముప్పు. అందుకే పిన్ని దాన్ని ఆదివారానికి కట్టేసింది. గుడి నుంచి వచ్చాక, అన్నం తిన్నాక, ఆమె చేతిమీదుగా. చేతులకు రాత్రిపూట ఆయింట్‌మెంటు రాసి, పైన ప్లాస్టిక్ కవర్లు తొడిగి, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసేది. తెల్లారి నాలుగింటికి లేచి దుప్పటి పెరట్లోకి తీసుకెళ్లి దులిపేది, ఇరుగుపొరుగు లేవకముందే. ఆ పొలుసులు పక్కింట్లోకి ఎగిరొస్తున్నాయని ఒకసారి మాట వచ్చిందట. ఆ మాట ఆమె బాబాయికి చెప్పలేదు, నాకు చెప్పింది.

మార్చి 22 రాత్రి నుంచి ప్యాసింజరు రైళ్లు ఆగిపోయాయి. ఏడాది దాటినా మా స్టేషన్‌లో ఆగే బండ్లు పూర్తిగా తిరిగి రాలేదు. గుంటూరు పోవడం పడిపోయింది. దానికితోడు ఇంకో సందేహం: ఈ మాత్ర ఒంట్లో రక్షణ శక్తిని అణిచిపెడుతుంది గదా, కరోనా వస్తే ఎట్లా? పెద్ద పెద్ద డాక్టర్లే మొదట్లో తర్జనభర్జన పడ్డారు. చివరికి, సొంతంగా ఆపొద్దు, జ్వరం వస్తే మాత్రం వెంటనే అడగండి అన్నారు. ఆపితే జబ్బు ఒక్కసారిగా ఎగదన్నుతుంది. కొందరు ఓపిక పట్టలేక ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకున్నారు. అది స్టెరాయిడు. వారం రోజులు చర్మం నిగనిగలాడుతుంది, ఆ తర్వాత అసలుకు రెట్టింపు వస్తుంది. బాబాయి ఆ జోలికి పోలేదు. ఆయనకు మందంటే ఎండ, సముద్రం. ఎండలో ఉండే కిరణాలే ఆసుపత్రుల్లో దీపాలు పెట్టి ఇచ్చే వైద్యమని డాక్టరు చెప్పాక, వారానికోసారి సూర్యలంకకు సైకిలు మీద పోయి, జనం లేని వైపు చొక్కా విప్పి కూర్చునేవాడు. బీచ్‌కు కూడా ఎవరూ రావద్దన్నారు.

పనిలో పనిగా చెప్పాలి, ఆయన్ని అందరూ అనుమానించేది సోరియాసిస్ అని కాదు. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ వాళ్ల కుష్ఠు ఆసుపత్రి ఉంది. బాబాయి ఆటో ఎక్కితే డ్రైవరు ఎక్కడికని అడక్కుండా అటు తిప్పిన సందర్భాలున్నాయి. "అక్కడికి కాదు నాయనా, అన్నపూర్ణలాగా ఉన్న మా ఆవిడ దగ్గరికి" అనేవాడు.

ఇంతకీ అసలు సంగతి బియ్యం.

రేషన్ మిషను మీద వేలు పెట్టాలి. వేలి కొసన ఉండే గీతలు కలిస్తే ఆకుపచ్చ లైటు, బియ్యం. కలవకపోతే ఎరుపు. బాబాయి అరచేతులు, వేళ్ల కొసలు చూస్తే తడికి పెచ్చులూడిన పాత గోడలా ఉంటాయి. గీతలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. జబ్బు తగ్గితే గీతలు తిరిగొస్తాయి, అవి చర్మం లోపలి నుంచి వచ్చేవే. కాని తగ్గాలి గదా. కార్డులో ఇద్దరున్నారు కాబట్టి ఇన్నాళ్లూ సమస్య లేదు. పిన్ని వేలు పెట్టేది. "నీది తిట్టే నోరు, నాది పెట్టే వేలు" అని ఎగతాళి చేసేది. కరోనా మొదట్లో ముట్టుకోవడమే భయం కాబట్టి వేలిముద్ర లేకుండానే ఇచ్చారు. కొన్నాళ్లకు వేలిముద్ర మళ్లీ వచ్చింది, ఈసారి మిషను పక్కన శానిటైజరు సీసాతో. 2021 మొదట్లో రేషన్ బండి వీధిలోకే వచ్చింది. పిన్ని గుమ్మం దిగి వేలు పెట్టి, గిద్దెడు మాటలు చెప్పి, బియ్యం తెచ్చుకునేది.

ఆ మే నెలలో పిన్ని పోయింది. గుంటూరు నుంచి మనిషి రాలేదు, ఫోను వచ్చింది.

దుప్పటి దులిపేవాళ్లు లేరు. కవర్లు ఒక చేతికి తొడుక్కోవచ్చు, రెండో చేతికి ఎవరు తొడగాలి? మనసు చెడితే ఈ జబ్బు పెచ్చుమీరుతుందని డాక్టర్లు అంటారు. జూన్ నాటికి బాబాయి పది వేళ్లూ పచ్చిపుండ్లు. ఆదివారం మాత్ర వేసుకున్నాడో లేదో నేను ఫోను చేసి కనుక్కునేవాణ్ని. బండి వచ్చినప్పుడు మిషను మీద వరసగా వేళ్లు పెట్టాడు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. ఎరుపు, ఎరుపు, ఎరుపు. చేతులు మార్చి మళ్లీ. మా వీధి వాలంటీరు పిల్ల, పక్క సందు అమ్మాయే, పాపం ఏదో తంటాలు పడి రెండు నెలలు ఇప్పించింది. ఆగస్టులో పైనుంచి కబురొచ్చింది: కార్డులో ఉన్న ప్రతి ఒక్కరూ ఈకేవైసీ చేయించుకోవాలి. ఆ నెల ఆధార్ కేంద్రాల ముందు తెల్లవారుజాము నుంచి క్యూలు మీకు గుర్తుండే ఉంటాయి. చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, కర్రలు పట్టుకున్న ముసలివాళ్లు, ఒకరి మీద ఒకరు. భౌతిక దూరం ఆ క్యూల్లోనే చచ్చిపోయింది.

నేను బళ్లో సెలవు పెట్టి బాబాయిని టౌనులో ఒక కేంద్రానికి తీసుకెళ్లాను. ఏ టౌనో వద్దులెండి. మధ్యాహ్నానికి వంతు వచ్చింది. ఆపరేటరు కుర్రాడు గాజుపలక తుడిచి, నాలుగు వేళ్లూ పెట్టమన్నాడు. నొక్కమన్నాడు. ఇంకా గట్టిగా నొక్కమన్నాడు. నొక్కితే పగులు విచ్చుకుని గాజు మీద సన్నగా రక్తం గీత పడింది. కుర్రాడు ముఖం చిట్లించి, టిష్యూతో తుడిచి, స్క్రీను వైపు చూశాడు. నాణ్యత సున్నా. తర్వాత కార్డు మీద అడ్రసు చదివాడు. ముఖం వెలిగింది.

"స్టూవర్టుపురమా! అదీ సంగతి. అందుకే ముద్రలు పడట్లా!"

క్యూ మొత్తం నవ్వింది. మాస్కుల వెనక నవ్వులు, ఎవరివో చెప్పలేం. బాబాయి కూడా అటూ ఇటూ చూసి కాస్త నవ్వినట్టే ఉన్నాడు. మర్యాద కోసం. "ముందు జబ్బు తగ్గించుకుని రండి" అన్నాడు కుర్రాడు. "ముప్పయ్యేళ్లుగా అదే పనిమీద ఉన్నా నాయనా" అని కార్డు జేబులో పెట్టుకున్నాడు బాబాయి.

రేషన్ మిషనుకు కనుపాపను చూసే పరికరం తర్వాతెప్పుడో వచ్చింది, బియ్యం గొడవ అలా తీరింది. ఇది ఆ లోపలి మాట.

బండి మీద తిరిగొస్తూ ఆయన మనసు తేలికచేద్దామని నేను పేపర్లో చదివిన ముచ్చటొకటి చెప్పాను. సింగపూరు పెద్దాయన ఒకాయనకు క్యాన్సరు. దానికి వాడిన మాత్రల వల్ల అరచేతుల చర్మం ఊడిపోయి వేలిముద్రలు పోయాయి. 2008లో అమెరికాలో దిగితే వేళ్లు పడక, నాలుగు గంటలు కూర్చోబెట్టి అప్పుడు వదిలారు.

బాబాయి వెనక కూర్చుని కాసేపు ఆలోచించాడు. "ఆయనది ఏ ఊరన్నావు?"

"సింగపూరు బాబాయ్."

"మరి ఆయన్నెందుకు పట్టుకున్నార్రా?"

నాకు జవాబు దొరకలేదు. ఈపూరుపాలెం వైపు మేఘం కమ్ముకుంటోంది, చినుకులు పడేలోపు ఇల్లు చేరాలని బండి వేగం పెంచాను. ఉన్నట్టుండి భుజం తట్టాడు.

"అబ్బాయ్, నా వేళ్లు బాగున్నప్పటివి ఒకచోట భద్రంగా ఉన్నాయిరా. పదికి పది. పోయి అడుగుదామా?"

అప్పటికి నాకు ఆ కథ ముక్కలు ముక్కలుగానే తెలుసు. ఆరోజు పూర్తిగా చెప్పాడు. 1975లో, ఆయనకు ఇరవై. పెళ్లి కుదిరింది. పిన్నికి చీర కొనడానికి రైలెక్కి ఒక టౌనుకు వెళ్లాడు. తిరుగు బండి రాత్రి ఆలస్యమైంది. ప్లాట్‌ఫారం బల్ల మీద చీర పొట్లం తలకింద పెట్టుకుని పడుకున్నాడు. లాఠీ కాలికి తగిలితే లేచాడు. "ఏ ఊరు?" అంటే చెప్పాడు. అబద్ధం ఆడటం రాదాయె. అంతే, జీపు. ఆ వారంలో ఆ టౌనులో బంగారం కొట్టు కన్నం పడిందట. స్టేషన్‌లో ఒక ముసలి కానిస్టేబులు ఇనప పలక మీద నల్లసిరా రోలరుతో పూసి, ఒక్కో వేలినీ ఈ గోరంచు నుంచి ఆ గోరంచు దాకా కాగితం మీద దొర్లించాడు. "చాలా శుభ్రంగా పడ్డయ్ రా నీవి" అని మెచ్చుకున్నాడు కూడా. మూడు నెలలు లోపలున్నాడు. దొంగ వేరేవాడు దొరికాడు, మేజిస్ట్రేటు కేసు కొట్టేశాడు. చీర పొట్లం మాత్రం తిరిగి రాలేదు. పిన్ని వేరే చీరతో పెళ్లి చేసుకుంది.

వద్దని ఎంత చెప్పినా వినలేదు. మర్నాడు వెళ్లాం.

స్టేషను భవనం కొత్తది. గుమ్మంలో శానిటైజరు సీసాకు కాలితో తొక్కే పెడలు. ఎస్సై కుర్రాడు, ముప్పై లోపే, ఎక్కడో ఉత్తరాంధ్ర యాస. మంచివాడు, పెద్దాయనను చూడగానే కుర్చీ చూపించాడు. బాబాయి కూర్చోలేదు. అది ఆయన అలవాటు కాదు. చేతులు రెండూ ముందుకు చాచి విషయం చెప్పాడు: బియ్యం, మిషను, పిన్ని పోవడం, ఆధార్ కుర్రాడు, 1975.

ఎస్సై చూపు వేళ్ల మీద ఆగింది. కుర్చీ కొంచెం వెనక్కి జరిగింది.

"ఇది... అంటుకునేదా పెద్దాయనా?"

"ముప్పయ్యేళ్లు మా ఆవిడ ఈ చేతులకు మందు రాసింది బాబూ. ఆమెకే అంటుకోలా."

కుర్చీ మళ్లీ ముందుకొచ్చింది. ఎస్సై రైటరును పిలిచి ఏదో అడిగాడు. రైటరు నా వైపు ఒకసారి, బాబాయి వైపు ఒకసారి చూసి, నలభయ్యారేళ్ల నాటి కాగితాలు ఎక్కడ దొరుకుతాయి సార్ అన్నాడు. "దొరికినా రేషన్ మిషనుకు అవి పనికిరావండీ" అని ఎస్సై ఓపిగ్గా చెప్పాడు. "అయినా 1920 నాటి చట్టం ఒకటుంది. పాత శిక్షలేవీ లేనివాడు కేసులోంచి బయటపడితే, అతని ముద్రలు చింపేయాలి. ఉంచమని మేజిస్ట్రేటు ప్రత్యేకంగా చెబితే తప్ప. మీవి అప్పుడే చింపేసి ఉంటారు."

బాబాయి చేతులు కిందికి దించాడు.

"చింపేస్తారా?"

"చట్టం అంతే కదండీ."

"మాకెవరూ చెప్పలేదు సార్. ఇన్నేళ్లూ ఉన్నాయనే అనుకుంటన్నా." కాసేపు ఆగాడు. "పేపర్లో ఎక్కడ దొంగతనం పడ్డా ఆ రాత్రి మా ఆవిడ తలుపుకు గొళ్లెం పెట్టి మళ్లీ మళ్లీ చూసుకునేది."

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. రైటరు గోడ వైపు తిరిగి ఫైళ్లు సర్దుతున్నట్టు నటించాడు. ఎస్సైకి ఏం చెయ్యాలో పాలుపోలేదు. కుర్రవాడు, అందులోనూ మంచివాడు. వాతావరణం తేలిక చేద్దామని నవ్వుతూ అన్నాడు:

"పోనీలెండి పెద్దాయనా. ఇంకేం, వేళ్లకు గీతలే లేవు. ఇక మీరెక్కడ ఏం చేసినా మాకు దొరకరు!"

బాబాయి కూడా నవ్వాడు.

"గీతలున్నప్పుడు ఏమీ చెయ్యకుండానే దొరికాను గదా సార్!"